ఎవరి సొమ్ము? ఎవరి సౌధము?

ఒక దేశమున అధికారము నిజముగా నెవరి చేతనున్నదో తెలిసికొనగోరువాడు ఆ దేశపు శాసనగ్రంథములను తిరుగవేయ నక్కరలేదు. అచ్చటి న్యాయస్థానపు మెట్లయెదుట ఒక జాము నిలుచుండిన చాలును. ఏ ద్వారమున నెవరు ప్రవేశించుచున్నారు, ఎవరికి నీడ కలదు, ఎవరు ఎండలో నిలిచియున్నారు, ఎవరి పేరు గోడమీద చెక్కబడినది, ఎవరి పేరు చెక్కబడలేదు - ఈ సంగతులు గమనించినచో రాజ్యాంగశాస్త్రమున సగము బోధపడును. ఈ వారము మేము ఇంగ్లాండు దేశమందలి వయట్ అను నొక వాస్తుశిల్పి కుటుంబమును గూర్చి వ్రాయబూనుట ఇందులకే. "మన కచ్చేరుల దుస్థితియు, అమరావతి పనులును ముందుండగా, రెండువందల యేండ్లనాటి సీమ మేస్త్రీల కథ మనకేల?" యని చదువరులలో కొందఱు విసుగుకొనవచ్చును. కొంచె మోపిక పట్టుడని వారిని వేడుచున్నాము. ఆ కథ తిరిగి తిరిగి మన గుమ్మములోనికే వచ్చును.

స్టాఫర్డుషైరు మండలమున వీఫర్డను పల్లె యొకటి కలదు. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చట బెంజమిన్ వయట్ అనునాతడు సేద్యము చేయుచు, కలప యమ్ముచు, ఇండ్లు కట్టించుచు జీవించెను. ఆతని కుమారులలో సామ్యూల్ అనువాడు వడ్రంగము నేర్చి, కెడిల్‌స్టన్ హాలను ప్రభుగృహము కట్టబడుచుండగా రాబర్ట్ ఆడమ్ అను శిల్పిక్రింద పనులు కనిపెట్టువాడయ్యెను. ఈ కెడిల్‌స్టన్ అను పేరును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. దానితో ముందు పని యున్నది. తమ్ముడు జేమ్స్ పిన్నవయసుననే ఇటలీకి పోయి శిల్పము నభ్యసించి వచ్చి, 1772లో లండనునందు పాంథియన్ అను వినోదశాలను నిర్మించి దేశమంతట పేరుపొందెను. అది మొదలు నూఱేండ్లకు పైగా ఆ యింటి అన్నదమ్ములు, కొడుకులు, అన్నకొడుకులు, వారి కొడుకులు ఇదే వృత్తిలో వర్ధిల్లిరి. ప్రభువుల మేడలు, దేవాలయములు, నాటకశాలలు, న్యాయశాలలు, ఆసుపత్రులు, పిచ్చివారి యాశ్రమములు, సైనికుల బారకాసులు - వారి చేతిలో పడనిది లేదు. 1979లో ఆంగ్ల చరిత్రకారు డొకడు ఈ కుటుంబమును గూర్చి ప్రత్యేకముగ గ్రంథమే రచించి, వారిని వాస్తుకళయందలి రాజవంశముగ పేర్కొనెను.

రాజవంశమట! మన దేశమున తండ్రి పట్టిన యులిని కొడుకు పట్టినచో దానికి పాశ్చాత్య పండితులు పెట్టిన పేరేమి? కులబంధము, చేసినదే చేయు గానుగెద్దు పని. మన స్థపతి తాతనాటి తాళపత్రమును చూచి స్తంభమునకు పొడవు వెడల్పులు నిర్ణయించినచో అది మూఢత్వము. వీఫర్డు కలపవర్తకుని మనుమడు పినతండ్రి కచ్చేరిలో కాగితములమీద గీతలు గీయుట నేర్చి, ఆ పినతండ్రి పలుకుబడితోనే పనులు సంపాదించినచో అది ప్రతిభాపరంపర! జన్మచేత వృత్తిని నిర్ణయించు నాచారమును మేము సమర్థించువారము కాము. ఆ యాచారమే రాళ్లు కొట్టు వడ్డెరవాని బిడ్డను తరతరములుగ బడికి రానీయలేదని మాకు తెలియును. కాని యొకే గుణమును రెండు తక్కెడలలో తూచి, ఒకచోట బంగారమనియు, ఇంకొకచోట తుక్కనియు చెప్పు వర్తకుని మేము నమ్మజాలము. ఆ తక్కెడను పట్టి మన చదువుకొన్నవారు నేటికిని తూచుచుండుట మరింత విచారకరము.

ఈ రాజవంశపు పాలన మెట్టిదో కొంచెము చూతము. 1796లో జేమ్స్ వయట్ ఆంగ్ల ప్రభుత్వ కట్టడములకెల్ల సర్వేయరు జనరలుగ నియమింపబడెను. పనులు ఒప్పుకొనుటయందున్న యుత్సాహము వానిని ముగించుటయందు లేదను నపకీర్తి యాతనికి జీవితాంతము వెంబడించెను. 1813లో బండి ప్రమాదమున నాతడు మరణించిన పిదప ఆ శాఖలోని లెక్కల గందరగోళమును చూచి ప్రభుత్వము వారు ఆ యుద్యోగమును శిల్పులకే యిచ్చు పద్ధతిని మాని, శాఖనే తిరుగ నిర్మింపవలసివచ్చెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీకి సర్వేయరు పదవి మాత్రము తండ్రినుండి కొడుకు బెంజమిన్ డీన్‌కు చక్కగ సంక్రమించెను. జేమ్స్ కట్టిన మేడలలో మిక్కిలి వింతగ చెప్పుకొనబడినది ఫాంట్‌హిల్. జమైకా ద్వీపమున బానిసలచేత చెరకు పండించి ధనవంతుడైన కుటుంబపు వారసుడు బెక్‌ఫర్డ్ దానిని కట్టించెను. సుమారు 270 అడుగుల గోపురము! 1825లో అది దానియంతట అదియే కూలినది. బానిసల చెమటతో లేచిన గోపురము బానిసత్వము రద్దు కాకమునుపే నేలకొరగుటయందు దైవసంకల్పము నూహింప మేము సాహసింపము. పునాది చాలలేదని శిల్పశాస్త్రజ్ఞులు చెప్పుదురు, అది చాలును.

ఇంక మన దేశమునకు వత్తము. 1799లో గవర్నరు జనరలు వెల్లస్లీ కలకత్తాలో తనకు తగిన గృహము లేదని యెంచి, క్రొత్త ప్రభుత్వగృహమును కట్టింప నారంభించెను. దాని శిల్పి కంపెనీ వారి ఇంజనీరు చార్లెస్ వయట్, ఆ వంశమువాడే. దానికి మాదిరి యేది? ఆ వంశమువాడే చిన్ననాడు పనులు కనిపెట్టిన కెడిల్‌స్టన్ హాలు. డెర్బీషైరున ఒక ప్రభువు చలికాచుకొనుటకు తలపెట్టిన మేడను, నాలుగు రెక్కలకు రెండే కట్టి మానుకొనిన మేడను, ఇచ్చట గంగయొడ్డున నాలుగు రెక్కలతో సంపూర్ణముగ కట్టిరి. అచ్చట రాయి, ఇచ్చట ఇటుకయు, దానిపై సున్నపు పూతయు. 1803లో అది ముగిసినది. కంపెనీ డైరెక్టర్లు ఆ వ్యయమును విని మండిపడిరి; 1805లో వెల్లస్లీ సీమకు పోవుటకు గల కారణములలో ఈ దుబారా యొకటి. వర్తకులే యింత వ్యయమా యని గుండె బాదుకొనిరన్నచో ఆ సౌధ వైభవ మెట్టిదో యూహింపవచ్చును. కాని ఆ డైరెక్టర్ల దుఃఖము తమ లాభము తగ్గినదని. ఆ సొమ్ము ఎవరిదని వారడుగలేదు.

మేమడుగుచున్నాము. ఆ గృహము గోడలు లేచుచున్న యా సంవత్సరములలోనే, అనగా 1800లో, సైన్యపు ఖర్చుక్రింద నిజామువారినుండి బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు ప్రాంతములు కంపెనీకి సంక్రమించినవి. దత్తమండలములని మనము పిలిచిన యా సీమలలో అదే యేడు మన్రో దొర ప్రధాన కలెక్టరై భూమిశిస్తు నిర్ణయింప వచ్చెను. కరవు సీమ రైతు చెల్లించిన యా రూపాయ యే కలకత్తా ఇటుకకు పోయినదని మేము చెప్పజాలము. కాని శిస్తు వసూలు చేయించినవాడును, మేడ కట్టించినవాడును ఒక్కడే యనుట చరిత్ర. వెల్లస్లీ కచ్చేరిలో నాడు వ్రాతపని చేసినవారిలో జేమ్స్ వయట్ కొడుకు బెంజమిన్ డీన్ కూడ నుండెనన్నచో, ఆ రెండు కుటుంబముల బాంధవ్య మింకను స్పష్టపడును. ఆ కుఱ్ఱవాడే సీమకు తిరిగిపోయి, వెల్లస్లీ తమ్ముడగు వెల్లింగ్టన్ ప్రభువునకు ఆప్స్‌లీ గృహమును సంస్కరించి యిచ్చెను. యార్కు ప్రభువునకు లండనులో ఎత్తైన జ్ఞాపకస్తంభము నిలిపెను. ఆ స్తంభమునకై సైనికుల జీతములనుండి ఒకదినపు భత్యము పట్టుకొనిరి. తమ దేశపు కూలిభటుని జేబునే వదలని వారు మన రైతును వదలుదురా?

శతాబ్దమైన పిదప జరిగిన వింత యొకటి కలదు. కెడిల్‌స్టన్ హాలులో పుట్టిన బిడ్డ యొకడు పెరిగి పెద్దవాడై, 1899లో వైస్రాయి యై కలకత్తాకు వచ్చి, తన పుట్టింటి ప్రతిబింబములో కాపుర ముండెను. ఆతడే కర్జను ప్రభువు. ఆ గృహమును గూర్చి యాతడు ప్రేమతో గ్రంథము వ్రాసెను. 1905లో వంగదేశమును రెండు ముక్కలు చేసినదియు నాతడే. తన పుట్టింటి గోడలను ఖండాంతరమున గూడ చెక్కుచెదరక చూచుకొన్నవాడు, ఇతరుల పుట్టింటికి నడుమ గోడ పెట్టుటకు వెనుదీయలేదు. ఆ వార్త విని రాజమహేంద్రవరమున, బందరున వందేమాతర మని కేకలిడిన మన తాతలకు కెడిల్‌స్టన్ అను పేరు తెలియదు. తెలిసినచో ఆ కేక మఱింత బిగ్గరగ నుండెడిదేమో.

వయట్ వంశపు మఱియొక శాఖలో మాథ్యూ అను న్యాయవాది, పోలీసు మేజిస్ట్రేటు, ఒక డుండెను. అతని పెద్దకొడుకు థామస్ హెన్రీ. చిన్నకొడుకు మాథ్యూ డిగ్బీ. తండ్రి నేరస్థులను విచారించెను, పెద్దకొడుకు విచారణశాలలను కట్టెను! 1835లో డివైజెస్ పట్టణమున అసైజు న్యాయశాల, 1840 ప్రాంతమున భాగస్వామి బ్రాండనుతో కలిసి బ్రెకన్ పట్టణమున షైరు హాలు, కేంబ్రిడ్జిలో అసైజు న్యాయశాల, వృద్ధాప్యమున 1877 నాటికి అస్క్ పట్టణమున సెషన్సు గృహము - ఇవి యన్నియు థామస్ హెన్రీ చేతిపనులు. తరువాత తన కుమారుని గూడ పనిలో చేర్చుకొనెను. ఆంగ్ల శిల్పుల సంఘమునకు అధ్యక్షుడై, 1873లో వారి స్వర్ణపతకమును పొందెను.

ఆ న్యాయశాలల కట్టడి విధము మన పట్టణవాసులు శ్రద్ధతో వినదగినది. అసైజులనగా రాజధానినుండి న్యాయాధిపతులు మండలములకు వచ్చి, కొన్నిదినములుండి నేరములు విచారించు సభలు. 1971 నాటి శాసనముచే అవి రద్దయినవి. ఏడాదిలో కొన్నిదినముల పనికై యంత మందిర మెందులకు? పనికొఱకు కాదు, భయభక్తులకొఱకు. ముందు భాగమున గ్రీకుల దేవాలయములను పోలిన స్తంభముల వరుస. లోపల ఎత్తైన వేదికపై న్యాయాధిపతి. ఆయన ప్రవేశమునకు వెనుకనుండి ప్రత్యేక ద్వారము, ప్రత్యేకపు గది. జ్యూరీవారికి ప్రక్కన పెట్టెవంటి పీట, వారి యాలోచనకు వేఱొక గది. న్యాయవాదులకు నడుమ బల్ల. నేరస్థుడు నేలక్రింది కొట్టునుండి మెట్లెక్కి తిన్నగ బోనులోనికి పైకి లేచును. తీర్పు కాగానే ఆ మెట్లవెంబడియే క్రిందికి దిగిపోవును. ఒక్క కప్పుక్రింద నున్నవారైనను ఆ నాలుగు జాతులవారు ఒకరినొకరు దారిలో తాకకుండునట్లు నడవలు వేయుటయే ఆ శిల్పి నేర్పు. చిత్రపటము గీయునపుడు శిల్పి మొదట నిర్ణయించుకొనునది స్తంభము కాదు, ఎవరు ఎవరిని తాకరాదను సంగతి! అంటరానితనము మన దేశమున మాత్రమే కలదని చెప్పు దొరలకు ఆ పటములు చూపవలెను.

ఇంక సామాన్యజనులకో? వెనుకభాగమున నిలుచుండుటకు చోటు. పటమున నది మిగిలిన స్థలము. పనులన్నియు తీర్చుకొనిన పిదప మిగిలినది.

ఈ క్రమమే ఓడ లెక్కి మనకు వచ్చినది. చెన్నపట్టణపు హైకోర్టు భవనము 1892లో తెఱవబడినది. దాని గుమ్మటములు మన దేశపువే, ఎఱ్ఱయిటుక మన మట్టిదే, కట్టించిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్లు శ్రేష్ఠి మనవాడే. కాని లోపలి నడవల శాస్త్రము సీమది. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలయువఱకు కోస్తా రాయలసీమల తెలుగువాడు అప్పీలునకై ఆ గుమ్మటముల క్రిందికే పోయెను. ఇర్విన్ దొర పేరు, శ్రేష్ఠి పేరు నిలిచినవి. ఆ గుమ్మటము నెక్కి సున్నము పూసిన తాపీవాని పేరు మన మెవ్వరమును చెప్పజాలము. నేటికిని మన తాలూకా న్యాయస్థానములు పెక్కింట జడ్జీగారికి వెనుక ద్వారము, వకీళ్లకు గది యున్నవి, కక్షిదారునకు వేపచెట్టు. మన స్వరాజ్యము ఆ వేపచెట్టుక్రింద నొక బల్ల వేయుటకు డెబ్బదియేండ్లకు మించి యాలోచించుచున్నది.

కొందఱు మిత్రులు మాతో వాదించుచు, "కళను రాజకీయములతో కలుపరాదు. వయట్ వంశమువారు పనివాండ్రు, పిలిచినవారికి కట్టిరి. అందము అందమే" యని చెప్పుదురు. ఈ మాట ఎంతవఱకు నిలుచునో చూచుటకు చిన్న తమ్ముడు మాథ్యూ డిగ్బీ కథ చాలును. ఇతడు సమర్థుడు, విద్వాంసుడు. 1851 నాటి లండను మహాప్రదర్శనమునకు కార్యనిర్వాహక సంఘ కార్యదర్శి. 1855లో ఈస్టిండియా కంపెనీకి సర్వేయరయ్యెను. కంపెనీ పోయి రాణి పాలన వచ్చిన పిదపను ఇండియా వ్యవహారముల శాఖకు శిల్పిగ నిలిచెను. లండనున ఆ శాఖకు, అనగా ఇండియా ఆఫీసునకు, సౌధము కట్టవలసివచ్చినపుడు వెలుపలి రూపమున సుప్రసిద్ధుడగు స్కాట్‌తో కలిసి పనిచేసి, లోపలి భాగమునంతయు తానే రచించెను. ఎఱ్ఱని బూడిదవన్నె గ్రానైటు ఱాతి స్తంభములతో, మూడంతస్తుల తోరణములతో, భారతదేశమున రాజ్యము విస్తరింపజేసిన దొరల ప్రతిమలతో నిండిన నడిమి చావడియే తరువాత దర్బారు కోర్టని పేరుపొందినది. అందమే, మేము కాదనము. ఆ చావడి నిప్పటికిని బ్రిటిషు విదేశాంగ శాఖవారు విందులకు వాడుకొనుచున్నారు.

కాని దాని లెక్క యెవరి ఖాతాలో వ్రాయబడినది? భారతదేశపు రాబడిలో. 1858 శాసనము ప్రకారము ఇండియా మంత్రి జీతమును, ఆతని కచ్చేరి వ్యయమును మనమే భరించితిమి. 1919 శాసనము వచ్చువఱకు ఆ మంత్రి జీతముగూడ మన రైతు శిస్తునుండియే పోయెను. మనలను పాలించుటకు వారు కూర్చుండిన కుర్చీకి మనము వెల చెల్లించితిమి. ఆ కుర్చీ వేసిన చలువఱాతి నేలకును చెల్లించితిమి. దాదాభాయి నౌరోజీ వంటివారు జీవితమంతయు మొఱపెట్టిన సంపద ప్రవాహములో ఇదియు నొక పాయ.

1867 జులైలో ఆ చావడి యింకను సరిగ ముగియకముందే, తాత్కాలికముగ పైకప్పు వేసి, తుర్కీ సుల్తాను అబ్దుల్ అజీజునకు గొప్ప నృత్యోత్సవము జరిపిరి. విందునకు వచ్చినవాడు తుర్కీవాడు, పిలిచినవాడు ఆంగ్లేయుడు, నర్తించినవారు లండను ప్రభువులు. వెల మాత్రము ఇండియాది! ఆ ముందటేడు, 1866లో, ఒరిస్సాలో ఘోరక్షామము వచ్చి సుమారు పది లక్షలమంది ప్రాణములు కోలుపోయిరి. మన గంజాము సీమయు దానివాత పడినది. శవములు తీయువారు లేక ఊళ్లు పాడుపడిన దేశపు ఖజానానుండి దీపములకును, పూలకును, వాద్యములకును సొమ్ము పోయినది. ఇది మా కల్పనము కాదు. ఆంగ్ల పార్లమెంటులోనే హెన్రీ ఫాసెట్ అను గ్రుడ్డివాడగు సభ్యుడు ఈ యన్యాయమును నిలదీసెను. కన్నులున్న సభ్యులకు కనబడనిది ఆయనకు కనబడెను. డిగ్బీ వయట్ ఆ సొమ్మును తాను దోచెనని మే మనుటలేదు. ఆతడు స్తంభములు నిలిపెను, జీతము పుచ్చుకొనెను, 1869లో సర్ బిరుదము నందెను. కాని ఆ చావడి అందమును పొగడునపుడు ఆ లెక్కను దాచుట మాత్రము కళాభిమానము కాదు. అది కరణము పని.

ఇంతకంటె మన హృదయమునకు తగులు సంగతి యింకొకటి యున్నది. ఆ సంవత్సరములలోనే ఇండియా ఆఫీసువారి వస్తుప్రదర్శనశాల సమీపముననే ఫైఫ్ గృహమను చోట నుండెను. అందులో బండ్లు నిలుపు కొట్టమున కొన్ని చెక్కడపు రాళ్లు పడియుండెను. 1867 ప్రాంతమున శిల్పచరిత్రకారుడు ఫెర్గుసన్ వానిని వెదకి బయటికి తీసెను. అవి యేవి? మన అమరావతి మహాచైత్యపు ఫలకములు! 1845లో వాల్టర్ ఇలియట్ దొర త్రవ్వించి చెన్నపట్టణమునకు చేర్చగా, 1859లో ఓడలపై లండనుకు పంపబడినవి. చలువఱాతి చావడికి మెఱుగు పెట్టుచుండగా, రెండువేల యేండ్లనాటి తెలుగుదేశపు శిల్పము బండికొట్టములో దుమ్ముపట్టుచుండెను. మన డబ్బుతో వారి కుంభములు లేచినవి; మన రాళ్లు వారి కొట్టములో పడినవి. 1880లో నవి బ్రిటిషు మ్యూజియమునకు మారినవి. నేటికి నచ్చటనే యున్నవి. ఆ ఫలకములను చెక్కిన శిల్పుల వంశమున కెవ్వరును గ్రంథము వ్రాయలేదు. ఐనను ఆ ఫలకములలో కొన్నింటిపై దాతల పేర్లు చెక్కబడియున్నవి; గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు తామిచ్చిన స్తంభమునకు, తామిచ్చిన పలకకు తమ పేరు వ్రాయించుకొనిరి. సొమ్మిచ్చినవాని పేరు రాతిపై నుండవలెనను ధర్మము కృష్ణాతీరమున రెండువేల యేండ్లకు ముందే తెలియును. కలకత్తా గృహమున, లండను చావడిలో, ఆ ధర్మము మఱవబడినది.

అటులైన నీ కట్టడములను పడగొట్టుదుమా? ఆ పని ఆంగ్లేయులకే వదలుదము. వారు కేంబ్రిడ్జి అసైజు న్యాయశాలను పడగొట్టిరి, డివైజెస్ న్యాయశాలను దీర్ఘకాలము పాడుపెట్టిరి, 1960ల దశకమున స్కాట్, వయట్‌ల విదేశాంగ సౌధమునే నేలమట్టము చేయ దలపెట్టి, ప్రజల యభ్యంతరముచే మానుకొనిరి. మనము కలకత్తా గృహమున మన గవర్నరును కూర్చుండబెట్టితిమి, మంచిదే. రైతు డబ్బుతో కట్టినది రైతుదే. మా పోరు రాళ్లతో కాదు. ఆ రాళ్లప్రక్కన నిలువవలసిన లెక్క నిలువలేదని మా పోరు.

ఇప్పుడు మన గుమ్మములోనికి వచ్చితిమి. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపనము జరిగెను. 29 గ్రామముల రైతులు సుమారు 33 వేల యెకరముల భూమి నిచ్చిరి. మొదట జపాను శిల్పి మాకీ చిత్రములు గీసెను. ఆయన పోయిన పిదప లండను నగరపు ఫాస్టరు సంస్థవారికి శాసనసభ, హైకోర్టుల రూపకల్పన అప్పగింపబడెను. 2019లో నేలపాడున తాత్కాలిక న్యాయభవనము తెఱవబడినది. ఆ యేడే పనులు నిలిచిపోయినవి. 2024 తరువాత మరల లేచినవి. 2025 మే 2న ప్రధానమంత్రి వానిని తిరుగ ప్రారంభించెను. హైకోర్టు రూపమునకు మాదిరి యేమని యా సంస్థవారు చెప్పిరి? మన ప్రాచీన స్తూపము! ఫలకములు ఓడ యెక్కి లండనుకు పోయినవి. స్తూపపు రూపము లండనునుండి కాగితముపై తిరిగి వచ్చినది. పోయినపుడు మనకు వెల యెవ్వరు నీయలేదు. వచ్చినపుడు మనము వెల చెల్లించుచున్నాము.

విదేశీయుడు గనుక వలదనుట మా వాదము కాదు. విద్య యెక్కడనున్నను తెచ్చుకొనవలసినదే. అమరావతి పాత శిల్పులును యవనుల విద్య నెఱుగనివారు కారు. మనవారే చేసినచో మంచిదగునను భ్రమయు మాకు లేదు. హైదరాబాదు హైకోర్టుకు జయపురపు శంకరలాల్ రూపమిచ్చెను, 1915 మొదలు 1919 వఱకు మన పనివాండ్రు కట్టిరి. అది మూసీ యొడ్డున నేటికిని కన్నుల పండువు. అచ్చటను కక్షిదారుడు నిలుచునే యున్నాడు. కావున ప్రశ్న జాతిది కాదు. కట్టబోవు హైకోర్టులో జడ్జీగారి నడవ యెన్ని గజములో, వకీళ్లగది యెంత వెడల్పో పటములలో నున్నది. పొలము మునిగి కర్నూలునుండియో, పలాసనుండియో తెల్లవారుజామున బస్సు దిగిన రైతు వాయిదా పిలుపు వచ్చువఱకు ఎచ్చట కూర్చుండవలెనో, ఆతని భార్యకు మరుగుదొడ్డి యెచ్చటనో, మంచినీరెచ్చటనో ఆ పటములలో నేమి వ్రాసియున్నదని మేమడుగుచున్నాము. ఆ పటములను మన గ్రంథాలయములలో తెలుగు వ్రాతతో గోడకు తగిలింపవలెను. చదువనేర్చినవాడు చదువనేరనివానికి చెప్పును. శిల్పుల ఫీజెంత, రాయి యే గనిదో, సిమెంటెంతయో, అప్పెవరిదో, దాని వడ్డీ యెవరు తీర్తురో ఆ పటముప్రక్కననే యుండవలెను. భవనము ముగిసిన దినమున ద్వారమువద్ద మంత్రిగారి పేరు చెక్కిన ఫలకము తప్పక లేచును. దానికి మేమడ్డు కాము. దాని క్రింద భూమి యిచ్చిన 29 గ్రామముల పేర్లును, పనిచేసిన మేస్త్రీల పేర్లును, వ్యయపు మొత్తమును తెలుగక్షరములతో చెక్కించుటకు ఎన్ని గజముల రాయి పట్టును?

ఈ ప్రశ్నలను పత్రికాముఖమున ప్రభుత్వమువారి ముందుంచుచున్నాము. ప్రతి పట్టణమున గ్రంథాలయసంఘములవారు ఇవే ప్రశ్నలను సమాచారహక్కు శాసనము ననుసరించి వ్రాతమూలముగ నడుగవలెనని కోరుచున్నాము. వచ్చిన జవాబులను మాకు పంపినచో నొక్క యక్షరము విడువక ప్రకటింతుము. జవాబు రానిచో, రాలేదను సంగతిని తేదీతోసహా ప్రకటింతుము.